పదకొండో నంబరు టేపు

మెదక్ పట్నంలో జాఫర్ తీయలేని గొంతు లేదు. ఈ మాట ఊళ్లో ఎవరికీ తోచకముందే జాఫర్‌కు తోచింది. తోచిన నాటి నుంచి వాడే అందరికీ చెప్పుకుంటూ వస్తున్నాడు. పట్టపగలు రెండింటికి కోడిపుంజులా కూస్తే తహసీలు కచేరీలో గుమాస్తాలు తెల్లారిందనుకుని లేచి ముఖాలు కడుక్కున్నారట. హైదరాబాద్ బస్సు హారన్ మోగిస్తే బస్టాండులో జనం మూటలు నెత్తికెత్తుకుని ఖాళీ రోడ్డు మీదికి ఉరికారట, వాళ్లలో ఒక ముసలాయన రాని బస్సు ఎక్కి చేగుంట దాకా పోయి వచ్చాడట. ఇరవై ఏళ్లకే ఇంత పేరు మోసిన జాఫర్ ఆ శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు సర్కారు దవాఖానా వరండాలో, మేకు తేలిన బల్ల మీద, ఆ మేకు తనకే గుచ్చుకునేలా చూసుకుని కూచున్నాడు. పక్కన తాజ్ బీ, ఆమె పక్కన కోడలు హలీమా. హలీమా ఉన్నట్టుండి ఇటు తిరిగి, "జాఫర్ భాయ్, మావాడు ఎట్ల కూస్తుండెనో ఒక్కపారి తీసి ఇనిపియ్యరాదు," అంది. జాఫర్ నోరు తెరిచాడు. గాలి వచ్చింది. గొంతు రాలేదు.

"జలుబు చేసింది ఆపా," అన్నాడు. ఏప్రిల్ ఎండకు వరండా గచ్చు అప్పుడే కాలుతోంది.

"పోనియ్ బిడ్డా," అంది తాజ్ బీ కోడలితో. "డాక్టర్ సాబ్ మిషన్‌ల మనోని అసలు గొంతే ఉండంగ వీని నకలు ఎందుకు?"

అసలు, నకలు, అసలు, నకలు. వరండా ఆ చివర ఆయా ఐలవ్వ ఊడుస్తుంటే చీపురు కూడా అదే మాట అంటున్నట్టుంది. చీపురు గొంతు తీయడం సులువు, నాలుక కొసను పళ్లకు ఆనించి గాలి వదిలితే చాలు, పావురాలకైతే బుగ్గ పూరించాలి, చర్చి గంటకు ముక్కులో మోగించి మూసిన పెదాల వెనక దాన్ని పట్టుకోవాలి, ఇవన్నీ జాఫర్‌కు ఎవరూ నేర్పలేదు, చెవిన పడ్డ సద్దు నోట్లోకి తనే దారి వెతుక్కునేది. చర్చి గంట పది కొట్టేసరికి డాక్టర్ మదన్ మోహన్ జీపు వస్తుంది. ఈలోపల జీపు నాలుగు టైర్లూ పంచరు కావాలి, లేదా మిషన్లో బ్యాటరీలు చావాలి, లేదా ఏప్రిల్ నెలలో మంజీరకు వరద రావాలి, మూడింటిలో వరదే కొంచెం నమ్మకంగా కనిపిస్తోంది. హలీమా ఎడమ మోచెయ్యి ఇంకా వంచే పెట్టుకుంది. ఆ వంపులో ఏమీ లేదు. కొడుకు బద్రు పోయి నిన్నటితో నలభై దినాలు, నలభయ్యో దినం ఫాతెహా కూడా అయిపోయింది, ఆ చేతికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ఫొటో లేదు. సాలు నిండినాక తీపిద్దామనుకున్నారు, పిల్లవాడు ఏడు నెలలకే పోయాడు. ఉన్నదల్లా డాక్టర్ దగ్గర టేపు, బద్రు ఊపిరి దాని మీద ఉంది, ఒక్కసారి వినిపిస్తే చాలునని తాజ్ బీ పోయిన వారం డాక్టర్ చేతులు పట్టుకుంటే ఆయన, తెస్తానమ్మా, తప్పక తెస్తానని మాటిచ్చాడు. అప్పుడు జాఫర్ అక్కడే ఉన్నాడు. తల కూడా ఊపాడు. ఎందుకు ఊపావురా అని ఆ రోజు నుంచి తలను అడుగుతూనే ఉన్నాడు.

టేపు. ఒక్కో బిడ్డకు ఒక్క టేపు. మదన్ మోహన్ డాక్టర్ మొన్నటి సాలు హైదరాబాద్ నుంచి వచ్చి ఇదే వరండాలో నిలబడి చెప్పాడు, కొందరు పిల్లలకు పుట్టుకతోనే గొంతులో ఊపిరి పోయే దారి మీద ఉండే లేత ఎముక తడిసిన అట్టలాగా మెత్తగా ఉంటుందని, ఊపిరి లోపలికి లాగినప్పుడల్లా అది లోపలికి వాలి దారికి అడ్డం పడుతుందని, ఆ సందులోంచి దూరే గాలే కోడిపుంజులా కూస్తుందని. చాలామందికి రెండేళ్లకు ఎముక గట్టిపడి కూత దానంతట అదే పోతుంది, కొందరికి మాత్రం పోదు, వాళ్లకు గొంతు కింద చిన్న రంధ్రం పెట్టి ఊపిరి తీయించాలి, ఎవరు ఏ రకమో ముందుగా ఎట్లా తెలుస్తుందన్నదే ఆయన పరిశోధన. మెదక్‌లో, కుల్చారంలో, శివ్వంపేటలో కలిపి ఇరవై ముగ్గురు పిల్లలు దొరికారు, ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. వారం వారం ఇంటింటికి సైకిల్ మీద పోయి, వెల్లకిలా పండబెట్టి ఒకసారి, బోర్లా పండబెట్టి ఒకసారి, పాలు తాగేటప్పుడు ఒకసారి ఊపిరి సద్దు టేపు మిషన్లో పట్టి, బరువు తూచి కార్డు మీద రాసేవాడు కావాలి. శనివారం ఆయన వచ్చి విని రిజిస్టర్లో రాసుకుంటాడు, టేపులు కరువు గనుక మరుసటి వారం పాతదాని మీదే కొత్తది పట్టాలి. ఆ కూత ఎట్లుంటదో చెప్పండ్రని నౌకరీకి వచ్చిన వాళ్లను అడిగితే ఒకడు గురక అన్నాడు, ఒకడు తలుపు కిర్రుమన్నట్టు అన్నాడు. జాఫర్ చెప్పలేదు. తీశాడు. డాక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, రేపు పొద్దున రమ్మన్నాడు. ఆ సాయంత్రమే జాఫర్ తనకు సౌండ్ ఇన్‌స్పెక్టర్ అని బిరుదు ఇచ్చుకున్నాడు. జిల్లా మొత్తానికి ఒక్కడే. కలెక్టర్లు వస్తారు పోతారు.

నిజానికి ఆ రోజు తీసింది తప్పు. డాక్టర్‌కు అది తెలియలేదు గానీ, పదకొండో నంబరు ఇంటికి మొదటిసారి పోయినప్పుడు జాఫర్‌కు తెలిసింది. దూదేకుల అబ్దుల్ ఇల్లు అది. బయట అరుగు మీద అబ్దుల్ దూది ఏకుతుంటాడు, విల్లు నరం మీద గూటంతో కొడితే డుంయ్, డుంయ్, దూది మబ్బులా లేస్తుంది, ఆ నుసి పిల్లవానికి తగలొద్దని నడుమ తలుపుకు తడి గోనె కట్టారు. లోపల హలీమా ఒడిలో బద్రు. రెండు నెలల వాడు, ఛాతీ మీద గుంట పడేంత గట్టిగా ఊపిరి లాగుతున్నాడు. కోడి ఊపిరి వదులుతూ కూస్తుంది, వీడు ఊపిరి తీస్తూ కూస్తున్నాడు. లోకంలో అన్ని గొంతులూ బయటికి పోతుంటే ఇదొక్కటే లోపలికి వస్తోంది. జాఫర్ మూడు రోజులు మంజీర ఒడ్డున కూచుని ఊపిరి లోపలికి లాగుతూ కూత పెట్టడం నేర్చుకున్నాడు, గొంతు పుండై నాలుగో రోజు మాట పడిపోయింది, ఆ ఒక్క రోజు మెదక్ పట్నం చాలా ప్రశాంతంగా ఉందని గిట్టనివాళ్లు అన్నారు. మరుసటి వారం బద్రు ముఖం మీదికి వంగి ఆ కూత పెట్టాడు. పిల్లవాడు ఊపిరి ఆపి చూశాడు. తను ఒక కూత పెట్టి ఆగాడు. జాఫర్ ఒకటి పెట్టాడు. అప్పుడు నవ్వాడు వాడు, పళ్లు లేని నోరంతా తెరిచి. లోకంలో తనలాగే ఊపిరి తీసేవాడు ఇంకొకడు ఉన్నాడని మొట్టమొదటిసారి తెలిసినట్టు. తాజ్ బీ పడీ పడీ నవ్వి, "అరే, మా ముర్గాకు దోస్తు దొరికిండు," అంది. హలీమా నవ్వలేదు, చూసింది, "నువ్వు వద్దనుకున్నప్పుడు ఆపుతవు భాయ్, వానికి ఆపొస్తలేదు," అంది. ఆ మాట చెవిలోంచి నోట్లోకి దారి వెతుక్కోలేదు. ఛాతీలోకి పోయి అక్కడే ఉండిపోయింది.

చర్చి గంట తొమ్మిదీ ముప్పావు కొట్టింది, అంటే పదికి ఇంకో పావుగంట. ఐలవ్వ నీళ్లు చల్లుతోంది. తడి గచ్చు వాసన, టింక్చర్ వాసన. టింక్చర్ వాసనకు గొంతు లేదు, లేకపోవడమే మేలు. మేకు గుచ్చుకుంటోంది, గుచ్చుకోనీ. సద్దు తగ్గితే సంతోషపడకు. ఇది డాక్టర్ మాట, నౌకరీలో చేరిన రోజే మూడుసార్లు చెప్పించుకున్నాడు జాఫర్ నోట. సద్దు తగ్గి బరువు పెరిగితే మంచిది, సద్దు తగ్గి బరువు తగ్గితే పిల్లవానికి ఊపిరి లాగే బలం పోయిందన్నట్టేమో, నాకు అట్లా అనుమానం, అది తేల్చడానికే నిన్ను పెట్టుకున్న, అట్లయితే వెంటనే నాకు తార్ కొట్టు, ఉత్తరం రాస్తే ఆలస్యమైతది. జాఫర్ ఆ మాటలు డాక్టర్ గొంతుతోనే అప్పజెప్పాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకోవడంతో సహా. డాక్టరే నవ్వాడు. అందరూ నవ్వేవాళ్లే. ఏడుపాయల జాతరలో కూడా నవ్వారు, శివరాత్రి పోయిన మూడో రోజు, బేస్తవారం. ఆ పొద్దు పదకొండో నంబరు ఇంటికి పోవాల్సిన రోజు. దోస్తులు జాతరకు పోతూ, నీ మిషన్ పట్టుకురారా, జనానికి నీ గొంతు ఇనిపిద్దామన్నారు. బద్రు ఊపిరి ఒక్క వారం వినకపోతే ఏమవుతుంది, ఐదు నెలల నుంచి ఒకటే కూత. నది పాయ పక్కన బండ మీద సైకిల్ ఆపాడు. పదకొండో నంబరు టేపు పెట్టాడు. బండ మీద వెల్లకిలా పడుకుని ఒకసారి, బోర్లా పడుకుని ఒకసారి తీశాడు, పాలు తాగేటప్పటి దానికి నిమ్మకాయ సోడా చప్పరిస్తూ తీశాడు. పని ఇచ్చిన వాణ్ని మోసం చేసినా పనిని మోసం చేయడం జాఫర్‌కు చేతకాదు. మొదటి నుంచి చివరి దాకా, అవసరమైన దానికంటే ఎక్కువే పట్టాడు. ఆ ఇంటి టేపులో వెనక ఎప్పుడూ అబ్దుల్ విల్లు మోగుతుంది కదా అని గుర్తొచ్చి, కూత నడుమ నడుమ ముక్కులోంచి అది కూడా వేశాడు. డుంయ్, డుంయ్. నీళ్లలో పడుకున్న ఒక బర్రె తల ఎత్తి చూసింది. ఇంతకంటే మంచి పని ఈ గొంతు ఎన్నడూ చేయలేదనుకున్నాడు. కార్డు మీద బరువు యాభై గ్రాములు పెంచి రాశాడు, పాపం పిల్లవాడు, మనం కూడా పిసినారితనం చేస్తే ఎట్లా అని.

శనివారం డాక్టర్ విన్నాడు. రెండుసార్లు విన్నాడు. మార్పు లేదు, అని రాసుకున్నాడు. సోమవారం బద్రు పోయాడు.

ఇంతవరకు అయితే జాఫర్ తనకు తాను చెప్పుకోగలడు. నలభై దినాల నుంచి చెప్పుకుంటూనే ఉన్నాడు, తెలియక జరిగిందని, తెలిస్తే చేసేవాణ్నా అని, ఆ చెప్పే గొంతు నిజం కాదని వాడికే తెలుసు, తన గొంతును తనే నకలు చేస్తున్నట్టుంటుంది. ఎందుకంటే శనివారానికీ సోమవారానికీ నడుమ ఒక సాయంత్రం ఉంది. డాక్టర్ జీపు వెళ్లిపోయింది, జాఫర్ బజారులో అత్తరు కొట్టు ముందు నిలబడి ఎవరికో తహసీల్దార్ దగ్గు వినిపిస్తున్నాడు. తాజ్ బీ వచ్చింది. కొంగులోంచి పిడికెడు శక్కర తీసి జాఫర్ అరచేతిలో పోసింది. "మా ముర్గా చుప్ అయ్యిండు బేటా. నాలుగు దినాలాయె, సద్దే లేదు. మెత్తగ పంటుండు. దర్గా కాడ పంచి వస్తున్న. నీ నోరు గూడ తీపి చేస్కో." జాఫర్ ఆ శక్కర చూశాడు. సద్దు తగ్గితే సంతోషపడకు. డాక్టర్ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. తార్ ఆఫీసు అక్కడికి రెండు వందల అడుగులు. కానీ తార్‌లో ఏమని రాయాలి, పొద్దున మీరు రెండుసార్లు విన్నది నేను అనా? పిల్లవాడు నిజంగానే బాగయ్యాడేమో, చాలామంది బాగవుతారని డాక్టరే కదా అన్నాడు, ముసలమ్మ ముఖం అంత వెలుగుతుంటే బాగు కాక ఇంకేమవుతుంది. శక్కర నోట్లో వేసుకున్నాడు. అది కరగడానికి చాలాసేపు పట్టింది. ఇప్పటికీ కరుగుతోంది.

తర్వాత డాక్టర్ ఈ వరండాలోనే తల పట్టుకుని కూచున్నాడు. నా అనుమానం తప్పు జాఫర్, అన్నాడు, పదకొండో నంబరు సద్దు ఏమీ తగ్గలేదు, బరువు కూడా పెరిగింది, అయినా పోయిండు, ఈ సద్దుతోని ముందుగాల తెలిసేది ఏం లేదు. వచ్చే నెల హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ల ముందు అదే చదువుతాడట, ఆపైన ఈ వారం వారం తిరుగుడు ఆపేస్తాడట. జాఫర్ అప్పుడు కూడా తల ఊపాడు. ఊపి, మొన్న బుధవారం కుల్చారం పోయాడు. పదిహేడో నంబరు, రైతు ఇంటి కోడలు గోదావరి బిడ్డ, ఐదు నెలల ఆడపిల్ల. సైకిల్ దిగగానే అర్థమైంది. ప్రతి వారం వాకిలి దాకా వినిపించే కూత వినిపించలేదు. గోదావరి బెల్లం ముక్క పట్టుకుని ఎదురొచ్చి, "సూడు తమ్మి, బిడ్డకు నయమయ్యింది," అంది. జాఫర్ బెల్లం అందుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, చిన్నపిల్లవాడిలా. తూచాడు. పావు కిలో తగ్గింది. మళ్లీ తూచాడు. ఈసారి ఒక్క గ్రాము కూడా కలపలేదు. పరుగున వచ్చి తార్ కొట్టాడు. మరునాడు జవాబు వచ్చింది, పదకొండులో సద్దు తగ్గలేదు, ఇక్కడ తగ్గింది, మంచి గుర్తే, బరువు సంగతి శనివారం చూద్దాం. శనివారం అంటే ఇవ్వాళ. బుధ, బేస్త, శుక్ర. అక్కడ బెల్లం ఎంతమందికి పంచి ఉంటారో.

గంట పది కొట్టింది. వరద రాలేదు. జీపు వచ్చింది.

డాక్టర్ మదన్ మోహన్ మిషన్ తనే మోసుకొచ్చి లోపలి గదిలో మేజా మీద పెట్టాడు. "రాండ్రి అమ్మా, కూసోండ్రి. ఒక్కసారి గాదు, ఎన్నిసార్లయినా ఇనుండ్రి," అన్నాడు. జాఫర్ ఆయన చెవి దగ్గరికి పోయి, "సాబ్, ముందుగాల కుల్చారం పోదం సాబ్," అన్నాడు. "ఆగు జాఫర్. తల్లి ఎదురుచూస్తున్నది." నిజమే, తల్లి ఎదురుచూస్తోంది, ఎవరు కాదనగలరు. గుండీ నొక్కాడు. ముందు ఉత్త గాలి, టేపు గొంతు, దానికి నాలుక అక్కర్లేదు, ఊరికే పెదాలు తెరిస్తే చాలు. తర్వాత కూత. హలీమా ముందుకు వంగి మిషన్ మీద చెవి ఆనించింది, ఏడు నెలలు ఆ చిన్న ఛాతీ మీద ఆనించినట్టే. వంచిన చెయ్యి మిషన్ చుట్టూ పోయింది. కళ్లు మూసుకుంది. కూత, ఆగి మళ్లీ కూత. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో, జోకొడుతోందో. నలభై దినాల తర్వాత ఆ ముఖంలో ఏదో వదులైంది. తాజ్ బీ కొంగు నోట్లో కుక్కుకుంది. జాఫర్ గోడకు ఆనుకుని చూస్తున్నాడు, ఉండనీ, అనుకున్నాడు, ఉండనీ, ఆమెకు ఇదే చాలుతుంటే నాదైతేనేం వాడిదైతేనేం, ఈ గొంతు ఇన్నాళ్లకు ఒక మంచి పని చేసింది, కుల్చారం సంగతి ఇంకేదో అబద్ధంతో సర్దుతాను, అబద్ధాలకు నా దగ్గర కరువా. అప్పుడు టేపులో డుంయ్ మంది. మళ్లీ, డుంయ్.

"నీ మొగని విల్లు బిడ్డా, ఇంటున్నవా," అంది తాజ్ బీ.

హలీమా కళ్లు తెరిచింది. చెవి మెల్లగా మిషన్ మీది నుంచి తీసింది. "సాబ్, గిది ఏ దినం పట్టింది?"

డాక్టర్ రిజిస్టర్ చూశాడు. "బేస్తవారం అమ్మా. జాతర దినం."

"ఆ దినం మా ఇంట్ల విల్లు మోగలే సాబ్." ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "మంగళారం సంది మేకుకే ఉండె. పిల్లగాడు సద్దు చెయ్యకుంట పంటుండని, యాడ లేస్తడోనని, మేం నడుసుడు గూడ మునివేళ్ల మీద నడిసినం. భాయ్ గూడ రాలే, కూత యాడిది సాబ్ ఆ వారం? గిది మావాడు గాదు."

డాక్టర్ గుండీ నొక్కి ఆపాడు. గదిలో సద్దు పోయింది. ఆయన కళ్లద్దాలు తీశాడు, తుడుచుకోలేదు, చేతిలోనే పట్టుకుని జాఫర్ వైపు తిరిగాడు. జాఫర్ దగ్గర మూడు అబద్ధాలు తయారుగా ఉన్నాయి, మూడూ మంచివే, టేపులు కలిసిపోయాయనేది ఒకటి, పక్కింటి విల్లు అనేది ఒకటి, మూడోది ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. నోరు తెరిచాడు. పొద్దున్నుంచి రాని గొంతు వచ్చింది, ఎవరిదీ కాదు, తనదే, సన్నగా, పగిలిపోయి.

"గది నేను సాబ్. కూత నేనే, విల్లు గూడ నేనే. ఆ దినం నేను ఆ ఇంటికి పోలే, జాతరకు పోయిన. బరువు దొంగ రాత రాసిన. శనివారం పొద్దుగూకంగ తాజ్ బీ శక్కర పెట్టింది సాబ్, సద్దు బందయిందని. అప్పుడే నాకు ఎరుకైంది. తిన్న. మీకు చెప్పలే. మీ అనుమానం తప్పు గాదు సాబ్. కుల్చారం పిల్లకు గట్లనే అయితున్నది, బరువు పావు కిలో దిగింది. ఇప్పుడే పోదం సాబ్, నన్ను తర్వాత ఏమన్న చెయ్యుండ్రి."

డాక్టర్ సంచి అందుకుని, "డ్రైవర్! బండి తియ్!" అని అరుస్తూ బయటికి ఉరికాడు. గడప దాటి వెనక్కి చూసి, "ఎక్కు," అన్నాడు, కుక్కతో కూడా అట్లా అనరు ఎవరూ. తాజ్ బీ తన కుడిచెయ్యి విప్పి చూసుకుంటోంది, శక్కర పోసిన చెయ్యి. జీపు ఇంజన్ దగ్గి అందుకుంది. జాఫర్ గుమ్మం దాకా పోయాడు.

"జాఫర్ భాయ్."

ఆగాడు. హలీమా మిషన్ మీద చెయ్యి తీయలేదు.

"నీకంటే ముంగట ఈ టేపు మీద ఎవరుండె?"

"మీవాడే ఆపా. ఆ ముందు వారంది."

"మరి ఇప్పుడు? నీ కూత కింద, అడుగున యాడనన్న ఉంటడా?"

బయట హారన్ మోగింది, అసలుది.

"ఉండడు ఆపా. నేను తుడిచేసిన."